చాయ్ కిటికీలో స్పీకర్లు

స్పీకర్ల డబ్బా వచ్చిన రోజు నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టాను. "గింతదానికి సెలవా?" అన్నాడు మా ఆయన. అన్న మనిషి దుకాణానికి తాళమేసి, నాకంటే ముందే డబ్బా పక్కన కూర్చున్నాడు. గోడ లోపల దాక్కుని పాడే స్పీకర్లు! పైకి తెల్లటి జాలీ తప్ప ఏమీ కనిపించదు. బెంగళూరులో మా చెల్లెలింట్లో వాటిని మొదటిసారి విన్నప్పుడు, పాట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక గోడలన్నీ తడిమాను. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

"అవి కొత్త ఇండ్లకు. గోడ లోపల ఖాళీ ఉండాల. మీది రాయి గోడ" అన్నవాళ్లే అందరూ. నిజమే. రాయచూరు కోట దగ్గర పాత గల్లీలో మా ఆయన తాత కట్టిన ఇల్లు మాది. గోడలోని అలమరలో చెయ్యి పెడితే మోచేయి దాటి లోపలికి పోతుంది, అంత మందం గోడలు. మేకు కొడితే మేకే వంగుతుంది. కానీ నాతో "కాదు" అన్నారంటే అయిపోయింది, ఆ పని చేసేదాకా నాకు అన్నం సయించదు.

నా పట్టుదలకు అసలు కారణం మా అత్త. ఆమెకు పాటలంటే ప్రాణం, కానీ ఒక్క పాటా పూర్తిగా రాదు. పల్లవి పాడి, తర్వాత నోటితోనే తబలా వాయించి, ఎక్కడో చరణం మధ్యలో రెండు ముక్కలు అందుకుంటుంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అది ఆమె సరదా అనుకున్నాను. కాదట. మా మామ ఉన్న రోజుల్లో రేడియో హాల్లో ఉండేది. ఆయనా, ఆయన దోస్తులూ అక్కడ, అత్త వంటింట్లో. మామ పోయి ఎన్నో ఏళ్లయినా ఆమె హాల్లోకి వచ్చి కూర్చోదు. ఎవరూ వద్దనలేదు. గడప దగ్గర నిలబడి చెప్పాల్సింది చెప్పి లోపలికి పోతుంది. పోనీ పాటే వంటింట్లోకి పోవాలి, ఆమె ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా వినాలి, ఇదీ నా పంతం.

"రెండూ హాల్లనే ఉండాల. జత అవి" అన్నాడు మా ఆయన.

"ఒకటి హాల్లో, ఒకటి వంటింట్లో" అన్నాను.

"జతను ఇడగొడ్తవా?"

"విడగొడతాను."

నా మొహం చూసి మేస్త్రికి ఫోను చేశాడు.

కల్లూరు నుంచి మేస్త్రి వచ్చాడు. హాలుకూ వంటింటికీ నడుమ ఉన్న గోడ ముందు ముగ్గురం నిలబడ్డాం. స్పీకరు కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలని డబ్బాలోని కాగితం మీద రాసి ఉంది. నేను సోఫాలో నిటారుగా కూర్చున్నాను, మా ఆయన నా చెవికి సూటిగా పెన్సిల్‌తో గీత పెట్టాడు. మేస్త్రి గోడకు డ్రిల్లింగు మిషను ఆనించాడు. ఇల్లంతా దద్దరిల్లింది కానీ గోడకు చీమ కుట్టినట్టయినా లేదు. "ఇంకా గట్టిగా" అని అరిచాను. మేస్త్రి మిషను ఆపి చెమట తుడుచుకున్నాడు. "ఇది గోడ కాదక్కా, కోట" అన్నాడు.

ఆ మోతకు అత్త గడప దగ్గరికి వచ్చింది. గీత వైపు చూసింది. "గంత మీదికి ఎవరి కోసం?"

"కూర్చున్నవాళ్ల చెవికి సరిగ్గా ఉండాలి అత్తమ్మా."

"సోఫాల ఎవరు కూసుంటరు పిల్లా? ఉతికిన బట్టలు కూసుంటయి."

మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? తినడం, టీవీ చూడడం, చుట్టాలతో ముచ్చట్లు, అన్నీ కింద జంపఖానా మీదే మాకు. సోఫా మీద చీరలు, తువ్వాళ్లు దర్జాగా ఉంటాయి. లేచి కింద కూర్చున్నాను. గీత కిందికి దిగింది. మేస్త్రి అక్కడ సుత్తితో ఒక దెబ్బ వేశాడు. చప్పుడు మారింది. ఇంకో దెబ్బకు సిమెంటు పెచ్చు ఊడింది. లోపల ఎర్రగా ఇటుకలు! రాతింట్లో ఇటుకలేమిటి?

"చాయ్ కిటికీ" అంది అత్త. "మీ పెండ్లికి గోడలకు సిమెంటు పూసినప్పుడు మూసేసిండ్రు."

"అరె, నేనే మరిచిపోయిన! ఇంతసేపు చెప్పకుంటివేందమ్మా!" అన్నాడు మా ఆయన.

"మీరు అడిగిండ్రా? స్పీకరు అంటిరి, మిషను అంటిరి. కిటికీ ముచ్చట ఎవరు తీసిండ్రు?"

అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో పొయ్యి నేల మీదే ఉండేది, ఆమె వంట చేసేదీ నేల మీద కూర్చునే. హాల్లో మగవాళ్లూ కిందే కూర్చునేవాళ్లు. అందుకే కిటికీ అంత కింద. చాయ్ అయ్యాక చిన్న తలుపు తీసి కప్పులు అటు తోసేది. అటు నుంచి చేతులు వచ్చి అందుకునేవి. తలుపు తెరిచి ఉన్న ఆ కాసేపు పాట స్పష్టంగా వినిపించేది. మూశాక తబలా దెబ్బలే. ఆమె నోట్లో ఉన్న ఆ తునకలన్నీ చాయ్ వెంబడి వచ్చినవన్నమాట. నాకు ఏడుపూ వచ్చింది, సంతోషంతో గంతులేయాలనీ అనిపించింది. గంతే వేశాను.

ఇటుకలన్నీ తీశాక వంటింటి వెలుతురు హాల్లో పడింది. నేను ఇటు నుంచి వంగి చూస్తే అటు గ్యాసు బండ, ఊరగాయ జాడీలు, వాటి మధ్య మా ఆయన మొహం! చిన్నపిల్లల్లా ఒకరికొకరం వెక్కిరించుకున్నాం. హాలు వైపు ఒక స్పీకరు, వంటింటి వైపు ఒకటి, వీపూ వీపూ ఆనించినట్టు బిగించి, ఒకదాని చప్పుడు ఇంకోదానికి తగలకుండా నడుమ పరుపులు కుట్టేవాళ్ల దగ్గర తెచ్చిన దూది కూరాం. రాయచూరులో పత్తికి కరువా!

ప్లాస్టరు ఆరిన తర్వాత, ఆదివారం సాయంత్రం, వంటింట్లో జాలీ ఎదురుగా పీట వేసి అత్తను కూర్చోబెట్టాను. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. మా ఆయన ఫోన్లోంచి ఆమెకిష్టమైన పాత హిందీ పాట పెట్టాడు. నేను హాల్లోకి వచ్చి వింటే, ఆ గాయకుడు మా జంపఖానా మీదే కూర్చుని పాడుతున్నట్టుంది! "ఎట్లుంది అత్తమ్మా?" అంటూ వంటింట్లోకి పరుగెత్తాను. ఆమె తల పక్కకు వంచి ఓపిగ్గా వింటోంది. జాలీలోంచి తబలా వస్తోంది, వయొలిన్లు వస్తున్నాయి. మాటల్లేవు. పాతకాలపు రికార్డు కదా, గొంతు ఒక స్పీకరుకూ వాద్యాలు ఒక స్పీకరుకూ పంచిపెట్టారు. జతను విడగొట్టి, గొంతును హాల్లో ఉంచేసింది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నేను నెత్తి కొట్టుకుంటుండగా అత్త లేచింది. చాయ్ దించడానికనుకున్నాను. పొయ్యి దాటింది. గడప దాటింది. హాల్లో జంపఖానా మీద, స్పీకరు ఎదురుగా కూర్చుని, బాలీసు దిండు ఒళ్లోకి లాక్కుంది.

"మొదటిసంది పెట్టు బిడ్డా."

"ఆగమ్మా, ఫోన్ల ఒక్కటి మారిస్తే రెండు దిక్కులా పాటంతా వస్తది. నువ్వు లోపల్నే కూసుని..."

మా ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను. "మార్చావంటే చూడు" అన్నాను పళ్లు బిగించి. పాట మళ్లీ మొదలుపెట్టాను.

పల్లవికి ఆమె పెదవులు కదిలాయి. చరణం దగ్గర ఆగిపోయాయి. ఆ మాటలు ఆమెకు కొత్త. ఒక్క మాట జారిపోకుండా వింటోంది. వంటింట్లో చాయ్ పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. అత్త లేవబోయింది. నేను భుజం పట్టి కూర్చోబెట్టి మా ఆయన వైపు చూశాను. ఆయన లోపలికి వెళ్లాడు. మంట ఆర్పిన చప్పుడైంది. కాసేపటికి లోపలి నుంచే కేకేశాడు.

"అమ్మా, ఈడ మాటలే ఇనొస్తలేవు. ఉత్త తబలానే!"

"అవు బిడ్డా" అంది అత్త, జాలీ మీంచి చూపు తిప్పకుండా. "వంటింట్లకు గంతే వస్తది."

పాట అయిపోయేదాకా ఆయన వంటింట్లోంచి బయటికి రాలేదు.