సుత్తి చప్పుడనుకున్న పాట

ఈరోజు శుక్రవారం. ఈ గల్ఫ్ దేశంలో మేముండే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా కింది గదిలో ఉండే అతను పోయాడని మంగళవారం కబురు వచ్చింది. మీనా సల్మాన్ రేవులో మరమ్మతుకు వచ్చిన ఓడలో, ట్యాంకు లోపల సుత్తితో తుప్పు రాలగొడుతూ చనిపోయాడు. రేపు అదే ట్యాంకులోకి నా కొడుకు దిగాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అతను నన్ను పెద్దమ్మా అనేవాడు. డ్యూటీ నుంచి వస్తూనే నా గ్యాస్ సిలిండర్ పైకి మోసిపెట్టి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లేవాడు. మెట్లెక్కుతూ టిఫిన్ డబ్బా మూత మీద దరువు వేసేవాడు. అది ఒక జపాన్ పంక్ బ్యాండు ఆల్బమ్‌లోని దరువు. ఓడ మీద స్నేహమైన జపాన్ నావికుడు ఆ సీడీ ఇచ్చాడు. మొదటి పాట నుంచి చివరిదాకా అరుపులు, డ్రమ్ముల బాదుడు.

"అదేం పాటయ్యా, అటక మీది గిన్నెలన్నీ దొర్లినట్టు?" అని కసిరాను.

"ఏమంటుండ్రో నాకూ ఎర్కలేదు పెద్దమ్మా. మా ఫోర్‌మన్‌ను నా తరఫున తిడుతున్నట్టే ఉంటది. గంతే చాలు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను.

పనిలోనూ అతనికీ, అతనితో పనిచేసే నా కొడుక్కీ, మిగతావాళ్లకీ ఆ ఆల్బమే. ట్యాంకు మూతి దగ్గర స్పీకరు పెట్టేవారు. లోపలివాడు పాటకు తగ్గట్టు సుత్తి వేయాలి. "సుత్తె ఆగిందంటే నన్ను బయటికి గుంజుండ్రి" అని అతనే చెప్పేవాడట. చాలాకాలం మూసి ఉన్న ట్యాంకులో తుప్పే గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. వాసన రాదు, పొగ కనిపించదు. ఆ సంగతి వాళ్లకు తెలుసు. అయినా సుత్తి చప్పుడునే నమ్ముకున్నారు.

మంగళవారం అతను స్పీకరును తనతో లోపలికి తీసుకెళ్లాడు. ఇనుప గోడల మధ్య డ్రమ్ములు మోగుతుంటే, పైన కాపలా ఉన్న నా కొడుకు అది సుత్తే అనుకున్నాడు. ఆల్బమ్ అయిపోయింది. చప్పుడు ఆగింది. అప్పుడు వంగి చూశాడు.

నిన్న అన్నం దగ్గర వాడన్నాడు: "శనివారం నేనే దిగుతానమ్మా. అన్న గుర్తుగా అదే ఆల్బమ్ పెడదామంటున్నారు అందరూ."

"లోపలి గాలి పరీక్ష చేశారా?"

"ఫ్యాను పెడతారట."

"పెడతారటా? పెట్టారా?"

వాడి వేళ్లు కంచం అంచు మీద ఆ దరువే వేస్తున్నాయి.

నా బరువు మోసినవాడికి నేను చేయగలిగింది ఇంతే. ఆ ఓడ మీద పనిచేసేవారి ఇళ్లలో అందరూ ఇది చదవండి.

1. గాలి పరీక్షించాలి. ఫలితం దిగేవాడికే చూపించాలి.

2. దిగేవాడి నడుముకు తాడు కట్టాలి. పైన కాపలా ఉన్నవాడు పేరుపెట్టి పిలవాలి, లోపలివాడు నోటితో పలకాలి.

3. అక్కడ ఏ పాటా వద్దు. అతన్ని తలచుకోవాలంటే మా ఇంటికి రండి, ఆ సీడీ నేనే పెడతాను.

4. ఇవి జరిగేదాకా నా కొడుకు పనికి రాడు. వాడి బూట్లు నా మంచం కింద ఉన్నాయి. పొద్దున పనివాళ్లను తీసుకెళ్లే వ్యాను వచ్చి హారన్ కొడుతుంది. కొట్టనివ్వండి.