దిగే జాగా

పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టి అల్లం దంచుతుంటే పక్క గదిలోంచి కిర్రుమని చప్పుడు వచ్చింది. నున్నటి చెక్క నేల మీద పరుగెత్తే బూటు ఒక్కసారిగా ఆగితే వచ్చే చప్పుడు అది. మా అమ్మాయి అంకిత మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తోంది. వాళ్ల రాత్రి ఆట మనకు పొద్దున్నే వస్తుంది. నేను నాందేడ్‌లో ఆడిన రోజుల్లో మాకు చెక్క నేల ఎక్కడిది, మొరం గ్రౌండే గతి. దాని మీద బూటు ఆగితే కిర్రుమనదు, బరబరమంటుంది. అయినా ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నా మోకాళ్లు వాటంతట అవే కొంచెం వంగుతాయి. అల్లం దంచే రాయి చేతిలో ఉండగానే వంగాను. ఈ వయసులో, ఈ ఒంటితో, ఎవరైనా చూస్తే నవ్విపోతారు.

"అమ్మా, ఇటు రా. నువ్వే చెప్పు," అని పిలిచింది అంకిత. "మా గ్రూపుల పొద్దటి సంది ఒక్కటే లొల్లి. ఈయన ఆడేది డిఫెన్సా, గలీజ్ ఆటనా?"

వెళ్లి చూశాను. ఒక పొడుగాటి ఆటగాడు ఎదుటివాడి ఛాతీకి ఛాతీ ఆనించినంత దగ్గరగా నిలబడి, అతన్ని ఒక్క అడుగు కూడా ప్రశాంతంగా వేయనివ్వడం లేదు. నేను ఆదివారాలు పిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదుతాను కాబట్టి మా ఇంట్లో ఇలాంటి తగాదాలకు తీర్పు నాదే. కానీ గలీజ్ ఆట అనే మాట వినగానే నాకు తీర్పు తోచలేదు. గంగామణి బాయి గుర్తొచ్చింది.

బాయి మా బడిలో ఆటల టీచరు. మరాఠీ బడుల్లో ఆడ టీచర్లను బాయి అనే పిలుస్తారు. ఆమె నిజామాబాద్ వైపు రైతు కుటుంబపు ఆడపడుచు, పెళ్లయ్యాక నాందేడ్ వచ్చింది. పొట్టి మనిషి. నేత చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. గ్రౌండ్‌లో చెప్పేవన్నీ మరాఠీలో చెప్పేది, తిట్లు మాత్రం తెలుగులో తిట్టేది. నేను సరిహద్దులోని తెలుగు ఊరి నుంచి వచ్చి, ఆటల్లో బాగున్నానని ఇచ్చిన హాస్టల్ సీటులో ఉండి చదువుకుంటున్న పిల్లను. మా వాళ్లకు గుంట భూమి లేదు. ఒకరి చేలో కూలికి పోతేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. బాయి నన్ను మొదటిసారి తెలుగులో తిట్టిన రోజు మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చేశాను. తిట్టు గట్టిగా తగిలిందేమోనని ఆమె కంగారుపడి సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది. అసలు సంగతి నేను చెప్పలేదు. జామకాయ చాలా బాగుంది మరి.

ఆ ఏడు మాకు ముఖేడ్‌లో ఒక మ్యాచ్ పడింది. నాందేడ్ బస్టాండ్ సంగతి తెలిసిందే. బస్సు ఇంకా ఆగకముందే జనం కిటికీల మీద పడి దస్తీలు, తువ్వాళ్లు, సంచులు లోపలికి విసురుతారు. దస్తీ పడిన సీటు విసిరినవాళ్లదని లెక్క. నేనూ నా దస్తీ విసిరాను. తోసుకుంటూ లోపలికి వెళ్లేసరికి తెల్ల టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన దాన్ని పక్కకు జరిపి హాయిగా కూర్చుని ఉన్నాడు. నేను గొంతు పెంచాను. వెనుక నుంచి బాయి వచ్చింది.

"ఏందే లొల్లి?"

"నా దస్తీ ముందుగాల పడ్డది బాయి. ఈ తాత ఎనుక అచ్చిండు."

"దస్తీకి కాళ్లున్నయా? ఆయన మనిషే అచ్చి కూసున్నడు. నువ్వు బయట నిలబడి చెయ్యి సాపినవ్, గంతే. సీటు ఆయనది."

ముఖేడ్ దాకా నిలబడే వెళ్లాను. ఒళ్లు మండిపోయింది. ముసలాయన జాలిపడి నా సంచి ఒళ్లో పెట్టుకుంటే అది ఇంకా అవమానంగా అనిపించింది. అక్కడ గ్రౌండ్‌లో నీళ్లు చల్లి, సున్నం గీతలు గీస్తుండగా బాయి నన్ను పక్కకు పిలిచింది. "బస్సుల చేసిన పని ఆటల చెయ్యకు. చెయ్యి సాపితే ఫౌలు. చెయ్యి దస్తీ అసుంటిది. నువ్వే పోవాలె. ఆమెకంటె ముందుగాల పోయి రెండు కాళ్ల మీద నిలబడు. నిలబడ్డంక ఆ జాగ నీది. ఎవ్వలచ్చి గుద్దుకున్నా నీ తప్పు లేదు," అంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఇంకొక్కటి. ఎగిరినోళ్లకు దిగే జాగ ఇడిసిపెట్టాలె. గాల్ల ఉన్న మనిషి తనను తాను కాపాడుకోలేదు. అప్పుడు కింద కాలు పెట్టుడు ఆట కాదు."

ఆ రోజు నుంచి నేను చేతులు దగ్గర పెట్టుకుని కాళ్లతో ఆడటం మొదలుపెట్టాను. ఎదుటి జట్టు పిల్లలు నన్ను చూస్తే విసుక్కునేవాళ్లు. ఎటు తిరిగినా నేనే ఎదురుగా ఉండేదాన్ని. అంత విసిగించడం తప్పేమోనని నాకే ఒక్కోసారి అనిపించేది. ఆ సందేహం తీరింది బాయి ఇంట్లో.

ఆదివారం పొద్దున మమ్మల్ని కొందరిని ఇంటికి పిలిచి టీవీలో అమెరికా ఆట చూపించేది. అందులో ఒక ఆటగాడంటే ఆమెకు ప్రాణం. బుట్టలో బంతి వేయడం అతనికి అంతంతమాత్రమే. ఎదుటివాడిని వేయనివ్వకపోవడమే అతని పని. బాయి భర్త నర్సింగరావు సార్ రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగి, క్రికెట్ మనిషి. ఆ ఆటగాణ్ణి చూస్తే సార్‌కు కంపరం.

"ఇది ఆటనా, కొట్లాటనా?" అనేవాడు సార్ పేపరు మడుస్తూ. "జీతం తీసుకునేటోడు గిట్ల మీద మీద పడుడేంది? గూండాగిరి."

"మీద పడుతలేడు, అడ్డం నిలబడుతుండు. మీరు ఆయన ఛాతీ చూస్తున్నరు. కాళ్లు చూడుండ్రి."

"కాళ్లేం చూడాలె? పాపం, ఆ పిలగాన్ని నడవనిస్తలేడు."

"నడవనియ్యకుంటె తప్పేంది? దారి ఇస్తనని ఎవ్వలకన్న మాటిచ్చిండా? పడేస్తె తప్పు. నిలబడితె తప్పు కాదు."

ప్రతి ఆదివారం ఇదే వాదన. ఇద్దరిలో ఒక్కరూ తగ్గేవారు కాదు, చాయ్ చల్లారేది. మేము గోడకు ఆనుకుని కూర్చుని ఆట కంటే ఈ వాదననే ఎక్కువ చూసేవాళ్లం. అలాంటి ఒక ఆదివారం ఆ ఆటగాడే, బంతి వేయడానికి గాల్లోకి లేచినవాడి కిందికి మెల్లగా కాలు జరిపాడు. పైనున్నవాడు ఆ పాదం మీద పడి చీలమండ పట్టుకుని దొర్లాడు. టీవీవాళ్లు అదే మళ్లీ మళ్లీ చూపించారు. బాయి లేచి టీవీ కట్టేసింది. "ఈని మొఖం మల్ల చూడ," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. సార్ గెలిచిన వాదన అది. అయినా ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ముఖం అలా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే జిల్లా జట్టు ఎంపిక ఆటలు వచ్చాయి. మాకు నాయ్‌గావ్ జట్టుతో పడింది. వాళ్లలో వైశాలి అనే అమ్మాయి ఎగిరి బంతి వేసిందంటే గురి తప్పేది కాదు. ఆమెను ఆపే బాధ్యత బాయి నాకే అప్పగించింది. ఆట చివరికొచ్చేసరికి ఆమె ఎగిరింది, నేను ఎదురుగా ఉన్నాను, మరుక్షణం ఆమె నా పాదం మీద పడింది. టప్‌మని చప్పుడు. నాకు ఇంకేమీ గుర్తులేదు. ఆమె ఏడుపు, చుట్టూ జనం, ఎవరో నా భుజం పట్టి వెనక్కి లాగడం, అంతే.

"కాలు పెట్టింది, నేను చూశాను," అన్నారు ఒకరు. ఇంకొకరూ చూశామన్నారు. ఎంపిక కమిటీ పెద్దమనిషి ఒకాయన అందరి ముందూ, ఇలాంటి గలీజ్ ఆట ఆడే పిల్ల జిల్లాకు అక్కర్లేదని, ఈ మాట హాస్టల్‌కు కూడా చేరవేస్తానని అన్నాడు. గలీజ్ అన్న మాట మా వాడకట్టుకు కొత్త కాదు. ఊళ్లో మా బిందెను కూడా ఆ మాటతోనే బావికి దూరం పెట్టేవాళ్లు. దాన్ని ఊళ్లోనే వదిలేసి వచ్చాననుకున్నాను. హాస్టల్ సీటు పోతే నాకు మళ్లీ అదే ఊరు, ఒకరి చేలో అదే కూలి. కానీ అంతకంటే నన్ను తినేసింది వేరే భయం. నా కాలు కదిలిందో లేదో నాకే తెలియదు. పదిమంది చూశామంటుంటే కదిలిందేమో అనిపించసాగింది. బాయి ఆ రోజు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆమె ఇంట్లో చీకటైన టీవీ తెర కళ్లముందు కదిలింది.

మర్నాడు పొద్దున్నే బాయి హాస్టల్‌కు వచ్చి, "పా, నాయ్‌గావ్ పోదాం," అంది.

"మాఫీ అడగనీకా బాయి?"

"చూడనీకి. దెబ్బ తాకినోళ్లను చూడనీకి పోవద్దా?"

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆగలేక, "నేను కాలు పెట్టలే బాయి," అన్నాను. ఆమె నా వైపు తిరిగి, "పెట్టలేదా, తెల్వదా?" అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, "తెల్వది," అన్నాను. "అయితె తెల్వదనే చెప్పు. ఎవ్వలడిగినా గదే చెప్పు," అని మళ్లీ రోడ్డు వైపు చూసింది.

వైశాలి కాలికి కట్టుతో మంచం మీద ఉంది. వాళ్లమ్మ మమ్మల్ని లోపలికి రమ్మంది గాని కూర్చోమనలేదు. బాయి ఆ పిల్ల చీలమండ దగ్గర మెల్లగా చెయ్యి పెట్టి, నొప్పి ఎలా ఉంది, వాపు తగ్గిందా, పరీక్షలకు ఎలా వెళతావు అని అన్నీ అడిగింది. ఆ తర్వాతే, నిన్న ఏమైందో నువ్వు చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అంది. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. వైశాలి నన్ను చూసి, "తీ ఆధీచ్ తిథే హోతీ," అంది. అంటే, నేను ముందు నుంచే అక్కడ ఉన్నానని. తనే ముందుకు ఎగిరి నా మీద పడ్డానని చెప్పింది. మరి నిన్న ఎందుకు చెప్పలేదని వాళ్లమ్మ గద్దిస్తే, "నన్నెవరు అడిగారు?" అంది ఆ పిల్ల. నిజమే. గ్రౌండ్‌లో అందరూ తీర్పులు చెప్పారు, పడిన పిల్లను ఒక్కరూ అడగలేదు. నేను అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. గుండె మీంచి బండ దిగినట్టయింది. వైశాలి వాళ్లమ్మ కాసేపు చూసి, లోపలికి వెళ్లి అటుకులతో పోహా చేసి పెట్టింది. నేను సిగ్గు లేకుండా రెండుసార్లు పెట్టించుకున్నాను.

తిరుగు బస్సులో నాకు నోరు ఆగలేదు. ఆకాశం, పత్తి చేలు, కండక్టరు, అన్నీ మంచిగానే కనిపించాయి. "నేను కాలు పెట్టలేదని మీకు ముందే తెల్సు కదా బాయి?" అని అడిగాను. అవునంటుందని నా ధీమా.

"నాకేం తెల్సే? నేనప్పుడు బాల్ దిక్కు చూస్తున్న."

"మరి ఆమె, నేనే పెట్టిన్నని చెప్తె?"

"చెప్తె చెప్పు. గప్పుడు గూడ ఇదే బస్సుల నీ పక్కకే కూసునేదాన్ని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పు చేసినోళ్లు ఒక్కలే బస్సెక్కి ఇంటికి పోవాల్నా?"

వైశాలి వాళ్లమ్మే నాందేడ్ వచ్చి కమిటీ పెద్దమనిషికి సంగతి చెప్పింది. నా పేరు జట్టులో, నా మంచం హాస్టల్లో నిలిచాయి. ఆ తర్వాతి ఆదివారం బాయి ఇంటికి వెళితే టీవీ పెట్టి ఉంది. తెర మీద ఆ ఆటగాడే, ఎవరికో అడ్డం నిలబడి ఉన్నాడు. సార్ పేపరు చాటున ముసిముసిగా నవ్వుతున్నాడు.

"వీని మొఖం మల్ల చూడనన్నరు కద బాయి?" అన్నాను.

"మొఖం చూస్తలే. కాళ్లు చూస్తున్న," అంది. "ఇయ్యాల మంచిగ నిలబడుతుండు."

బాయి పోయి కొన్నేళ్లయింది. ఇవాళ నేను విజిల్ ఊదితే నా కళ్లు పాదాల మీదే ఉంటాయి. పిల్లలెవరైనా పడితే ముందు పడిన పిల్లను అడుగుతాను. బస్సు కిటికీలోంచి దస్తీ వేయను. ఇవన్నీ ఆటలో నేర్చుకోగలిగినవే. తిరుగు బస్సులో బాయి చెప్పిన మాటను మాత్రం ఏ ఆటలో ఎక్కడ వాడాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో గాని, ఆఫీసులో గాని, ఎవరి మీదైనా నింద పడి నలుగురూ దూరం జరిగినప్పుడు నా ఒళ్లు దానంతటదే వాళ్ల వైపు వెళుతుంది, అంతే.

అంకిత ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. "చెప్పవేందమ్మా? మా వాళ్లందరు గలీజ్ అంటున్నరు, నేనొక్కదాన్నే కాదంటున్న. ఒకయేళ వాళ్లదే నిజమైతె?"

"అయితె అయితది. మల్ల పెట్టు, కాళ్లు చూద్దాం," అన్నాను. "ముందు నువ్వు కొంచెం జరుగు."

జరిగింది. పక్కన కూర్చున్నాను.