గింజ ముట్టని కోడి

ఎర్రమ్మది పిసినారి చెయ్యి అని ఆమె మొగుడు రామకృష్ణ ఊరంతా చెప్పుకుంటాడు. ఊరంటే పెద్ద ఊరేం కాదు, సారపాక నుంచి అడవి వైపు పోతే జామాయిల్ తోటల వెనక ఉండే కోయగుంపు. అక్కడ ఒకరింట్లో ఉల్లిగడ్డ వేగితే పదిళ్లకు తెలుస్తుంది, కాబట్టి అతను చెప్పకపోయినా ఆ సంగతి ఎవరికీ కొత్త కాదు. "దుబారా చేసెటోళ్లకు పొదుపు చేసెటోళ్లు పిసినారుల్లెక్కనే కనబడ్తరు" అని ఎర్రమ్మ కొట్టిపారేస్తుంది.

ఆమె పని కోళ్లఫారంలో. పొడుగాటి షెడ్లు, అంతస్తులుగా ఇనుప బోనులు, రెక్క విప్పే చోటు లేకుండా గుడ్లు పెట్టే కోళ్లు. మొదట్లో గుడ్లు ఏరేది. చెయ్యి చురుకని చూసి మేస్త్రీ ఆమెను ముక్కులు కోసే పనికి మార్చాడు. ఇరుకులో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా, పిల్లలుగా ఉన్నప్పుడే ముక్కు కొనను కాలే బ్లేడుకు ఆనించి తీసేస్తారు. పిల్లను పట్టాలి, ఆనించాలి, వదలాలి. ఎర్రమ్మంత జల్దీగా చేసేవాళ్లు ఆ ఫారంలో లేరు. పిల్ల కీచుమనేది, ఆ మాటా నిజమే. కానీ నలుగురూ మెచ్చుకుంటుంటే ఎర్రమ్మకు గర్వంగానే ఉండేది.

ఆ గుడ్లనే సారపాక దుకాణంలో అట్టపెట్టెల్లో అమ్ముతారు. పెట్టె మీద పచ్చగడ్డిలో షికారు చేస్తున్న కోడి బొమ్మ ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసిన రోజు ఎర్రమ్మ దుకాణంలోనే పకపకా నవ్వింది.

"గీ కోడి ఏడ తిరిగిందంట? మా షెడ్డుల కోళ్లు పుట్టిన కాడికెల్లి గడ్డి మొఖం చూడలే."

దుకాణదారు నవ్వలేదు. పెట్టెలు లోపలికి సర్దుకున్నాడు.

గుడ్లు తగ్గిన కోళ్లను ఫారంవాళ్లు లారీకెత్తి అమ్మేస్తారు. కిందటి చలికాలం ఒక తెల్లకోడి కుంటుతోందని లారీవాడు వదిలేస్తే, మేస్త్రీ ఎర్రమ్మను తీసుకుపొమ్మన్నాడు. ఊరికే వచ్చేదాన్ని ఎర్రమ్మ వదులుతుందా? సంచిలో వేసుకుని వచ్చింది. కూర వండుదామనే తెచ్చింది, జాలీ గీలీ ఏమీ లేదు. తీరా వాకిట్లో దింపితే ఆ కోడి కదల్లేదు. కాళ్ల కింద మట్టి ఏమిటో అర్థంకానట్టు నిలబడ్డచోటే నిలబడిపోయింది. "ఏందే, నడువు" అని అదిలించి అదిలించి, విసుగొచ్చి ఎర్రమ్మ కత్తి పక్కన పెట్టింది. కొన్నాళ్లకు అది నడిచింది, ఇంకొన్నాళ్లకు దుమ్ములో పొర్లింది. మూకుడు నిండా నూకలు పోస్తే ముక్కు ముంచి, పారతో ఎత్తినట్టు ఎత్తుకుని తినేది. కూర మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇలా ఉండగా విత్తనాల పండుగ వచ్చింది. ఆ గుంపులో పండుగ కాకుండా ఎవరూ భూమిలో గింజ వేయరు. ఇంటికో కోడి ముత్యాలమ్మకు బలి ఇవ్వాలి. పూజారి దూలయ్య కోడి ముందు నేల మీద నాలుగు బియ్యపు గింజలు వేసి అడుగుతాడు. కోడి గింజ ముడితే అమ్మవారు ఒప్పుకున్నట్టు, కోడీ ఒప్పుకున్నట్టు. ఒక్క ఇంటి కోడి ముట్టకపోయినా ఊరంతా ఆగాల్సిందే.

ఎర్రమ్మ ఇంట్లో డేగపుంజు ఉంది. ఆమె ప్రాణమంతా దాని మీదే. గుంపులో సగం కోడిపిల్లలు దాని సంతానమే. కాబట్టి తెల్లకోడిని చంకన పెట్టుకుని బయలుదేరింది. మనసులో కలుక్కుమనకపోలేదు, కానీ పుంజు మిగులుతుంది కదా.

"అత్త సొమ్ము అల్లుడు దానం జేసినట్టుంది నీ యవ్వారం" అన్నాడు రామకృష్ణ.

"కోడి కోడే. నువ్వు నోర్మూసుకొని రా."

అందరి కోళ్లూ గింజలు తిన్నాయి. తెల్లకోడి వంతు వచ్చింది. అది వంగి పొడిచింది. గింజ జారిపోయింది. మళ్లీ పొడిచింది, మళ్లీ జారింది. జనం గుసగుసలాడారు. పైన మబ్బు కమ్ముకుని ఉంది, పత్తి విత్తనాల సంచులు ఇళ్లలో సిద్ధంగా ఉన్నాయి.

"ఏందమ్మా, నీ కోడి ఒప్పుకుంటలేదు?" అన్నాడు దూలయ్య.

ఎర్రమ్మకు ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది.

"ఒప్పుకోకపోవుడు గాదు మామా. దానికి ముక్కు కొన లేదు. ఫారంల నేనే కోసిన."

దూలయ్య కోడిని ఎత్తుకుని, ఆ మొండి ముక్కును బొటనవేలితో తడిమాడు.

"మూకుడుల పోస్తె తింటది పూజారీ" అన్నాడు రామకృష్ణ ఆత్రంగా.

"మూకుడుల పోద్దామా మరి? వానొస్తున్నది. నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు దూలయ్య.

పోస్తే తింటుందని ఎర్రమ్మకు తెలుసు. తింటే పండుగ అయిపోతుంది, విత్తనం పడుతుంది, ఇంటి దగ్గర పుంజు పుంజులాగే ఉంటుంది. ఆమె కోడి వంక చూసింది. అది ఇంకా కిందికి, గింజల వైపే చూస్తోంది.

"వద్దు మామా. ముక్కు కింద మూకుడు నింపి, వద్దనే తోవ లేకుంట జేసి, అవ్ అన్నదంటె అడిగినట్టెట్లయితది? ఫారంల గట్లనే చేస్తం. ఈడ గూడ ఎందుకు?"

కోడిని తీసుకుని ఇంటికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు చంకలో డేగపుంజు ఉంది.

దూలయ్య గింజలు వేశాడో లేదో, అడగడం పూర్తి కాకముందే పుంజు టకటకా అన్నీ ఏరుకుని, ఇంకా ఉన్నాయా అన్నట్టు తలెత్తింది. జనం హోరుమన్నారు. ఎర్రమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఎవరేమనుకుంటే ఏమిటని బావురుమంది.

ఆ సాయంత్రమే విత్తనం పడింది, వెనకే వానా పడింది.

పత్తి మొలకలెత్తుతున్న రోజుల్లో ఫారం నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. కొత్త పిల్లలు దిగాయి, ముక్కులు కోయడానికి జల్దీ రమ్మన్నాడు.

"గుడ్లేరుటానికైతె వస్త" అంది ఎర్రమ్మ.

"ముక్కులకు?"

"ఇంకెవలనన్న చూస్కో సారూ. కోసిన ముక్కులకు నా పుంజునిచ్చుకున్న. ఇంకో పుంజు లేదు నా కాడ."