జ్వరం రాలేదన్న మాట

సూరత్‌లో పర్వత్ పాటియాలోని ఆ సందులో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు సంధ్యారాణి దగ్గరికే తెచ్చేవారు. కరెంటు బిల్లు గుజరాతీలో ఉంటుంది, బ్యాంకు ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, సందులో సగం మందికి చదువే రాదు, వచ్చినవాళ్లకు తెలుగు తప్ప రాదు. ఎనిమిదో తరగతి నుంచీ ఆ సందంతటికీ ఆమే నోరు. ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, బజారులో హిందీ, పక్క గదుల్లో ఉండే కార్మికులతో ఒడియా, కుళాయి దగ్గర కొట్లాడటానికి మరాఠీ. ఇన్ని భాషలు వచ్చిన పిల్లకు తన పని తాను చేసుకునే తీరిక మాత్రం ఏ భాషలోనూ దొరకలేదు.

బీకాం రెండో ఏడుకు వచ్చేసరికి కాలేజీవాళ్లూ ఈ సంగతి కనిపెట్టారు. అది 2021. రెండోసారి వచ్చిన కరోనా ఊరిని ఊడ్చిపెట్టి పోయిన తర్వాతి మాట. రకరకాల భాషల పిల్లలను కలిపి జట్లు కట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో బస్తీని అప్పగిస్తే పిల్లల్లోంచి నాయకులు పుట్టుకొస్తారని పెద్దలు అనుకున్నారు. జట్టుకు అయిదుగురు. బస్తీలో అందరికీ టీకా వేయించడం వాళ్ల పని. సంధ్యారాణి జట్టుకు నాయకురాలు హేతల్. సలాబత్‌పురాలో వాళ్ల నాన్నకు బట్టల దుకాణం ఉంది. మంచి పిల్లే, పొగరు లేదు. కానీ సందులోకి వచ్చి నిలబడితే ఎవరితో ఏం మాట్లాడాలో తోచేది కాదు. "సంధ్యా, నువ్వు చెప్పవా" అనేది. మిగతా ముగ్గురిదీ అదే పాట. చెప్పి చెప్పి సంధ్యారాణి గొంతు బొంగురుపోయేది, ఫోటోల్లో ముందు వరసలో హేతల్ ఉండేది. సొమ్మొకరిది సోకొకరిది అని ఆమెకు అనిపించిన మాట నిజమే.

మొదటి క్యాంపుకు పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు హేతల్ వాళ్ల దుకాణం మనుషులే. బస్తీవాళ్లకు అవగాహన లేదని జట్లను నడిపే ప్రొఫెసర్ గారు తేల్చి చెప్పారు. పిల్లలు అయిదు భాషల్లో పోస్టర్లు రాసి గోడలకు అంటించారు. ఒక ఫారం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. టీకా ఎందుకు వేయించుకోలేదు అన్న ప్రశ్న కింద అందులో నాలుగే గళ్లు ఉన్నాయి. భయం, పుకార్లు, ఫోను లేదు, తీరిక లేదు. అడిగిన మగవాళ్లందరూ భయమనే అన్నారు. సంధ్యారాణి ఆ గడిలోనే టిక్కు పెడుతూ పోయింది గానీ ఒక్కరి మాటా నమ్మలేదు. మరమగ్గం మీద తిరిగే పట్టా పక్కన చెయ్యి పెట్టి పన్నెండు గంటలు పనిచేసేవాళ్లు సూదికి భయపడటమేమిటి?

ఆ సాయంత్రం తండ్రిని అడిగింది. రాజమౌళి సిరిసిల్ల పక్క ఊరి నుంచి ఇరవయ్యో ఏట సూరత్ వచ్చినవాడు. ఇప్పుడు యాభై దాటాయి. మరమగ్గాల్ని వాళ్లు సాంచాలంటారు. పగటి పాళీలో, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా, ఆయన ఒక్కడే ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు.

"బాపూ, నువ్వెందుకు ఏసుకోలే?"

"జ్వరమొస్తది గద బిడ్డా."

"రెండొద్దులు పంటే తక్కువైతది."

"నేను పంటే సాంచలు పోతయ్."

అంతే సంగతి. ఫారంలో దానికి గడి లేదు. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయినవాళ్లంతా తిరిగి వచ్చారు, కార్ఖానాలో సాంచాలు మాత్రం సగమే నడుస్తున్నాయి. పొద్దున గేటు దగ్గర పదిమంది నిలబడి ఉంటారు. ఒక మనిషి రాకపోతే పని చూసే మాస్టర్ వాళ్లలో ఒకణ్ణి లోపలికి పిలుస్తాడు. మూడో రోజు జ్వరం తగ్గి పనికి పోతే, వాడు నీ సాంచాల దగ్గర ఉంటాడు, నువ్వు పోయి గేటు దగ్గర నిలబడాలి. ఈ మాట చదువుకునే పిల్లల ముందు చెప్పుకోవడానికి మగవాళ్లకు నామోషీ. భయమని చెప్పడమే వాళ్లకు సులువైంది.

దారి చూపింది తల్లి కొమురవ్వ. చీర అంచుకు రాళ్లు అతికిస్తూ, తలెత్తకుండానే అంది. "మా ఊళ్లె నాట్లప్పుడు ఒకల పొలానికి ఒకలు బదులు పోతుండె. ఇయ్యాల నేను నీకు, రేపు నువ్వు నాకు. పక్క సాంచలోడు రెండొద్దులు జర ఎక్కువ జూస్కుంటే ఏమైతది?"

సంధ్యారాణి ఆ మాట పట్టుకుని వారం రోజులు గది గదికీ తిరిగింది. పక్కపక్కన పనిచేసే ఇద్దరు జోడీ కావాలి. ఒకరు టీకా వేయించుకుంటే రెండోవాడు అతని సాంచాలు కూడా ఆగకుండా చూడాలి. తర్వాతి వారం వంతు మారుతుంది. సాంచాలు నడుస్తుంటే మాస్టర్‌కు గేటు వైపు చూసే పని ఉండదు. వినడానికి బాగానే ఉంది. కానీ కార్ఖానాలో పక్కవాడు తనవాడు కాడు. తెలుగువాడి పక్కన ఒడియా, అతని పక్కన భోజ్‌పురి. రెండోవాడు బదులు తీర్చకుండా ఊరికి బండెక్కితే ఎవరిని అడగాలి? తెలుగువాళ్లు ఒడియావాళ్ల గురించి ఏమన్నారో, ఒడియావాళ్లు తెలుగువాళ్ల గురించి అక్షరం తేడా లేకుండా అదే అన్నారు. రెండు భాషలూ వచ్చిన పాపానికి రెండు చోట్లా వినాల్సి వచ్చింది.

చివరికి వెనక సందులో ఉండే, రాజమౌళి కార్ఖానాలోనే పనిచేసే కనకయ్య సూటిగా అడిగాడు. "ఇదంత సరే. నువ్వు జిమ్మేదారి ఉంటవా?"

"ఉంటా" అంది సంధ్యారాణి. ఇంటికి వచ్చే దారంతా అదే ఆలోచన. ఇరవయ్యేళ్ల పిల్ల ఎవరి సాంచాలకని పూచీ పడుతుంది? ఆమె దగ్గర ఏముందని?

ముందు ఎవరు వేయించుకోవాలి అన్నప్పుడు అందరూ పక్కవాణ్ణి చూపించారు. జిమ్మేదారి ఉన్న పిల్ల తండ్రి కనుక రాజమౌళి సరేనన్నాడు. ఆయనవి వరసలో చివరి సాంచాలు, ఒక పక్క గోడ, రెండో పక్క ప్రఫుల్ల అనే ఒడియా మనిషి. తొమ్మిదేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నారు. ఆ మోతలో మాట వినిపించదు, చేతి సైగలతోనే స్నేహం. ప్రఫుల్ల గుండె మీద చెయ్యి పెట్టి, ఇద్దరివీ కలిపి పదహారూ తానే చూసుకుంటానని సైగ చేశాడట. బుధవారం సాయంత్రం పాళీ దిగాక రాజమౌళి టీకా వేయించుకున్నాడు.

గురువారం ఇంకా తెల్లవారకముందే ప్రఫుల్ల వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన సంచి ఉంది. ఒడిశాలోని గంజాం నుంచి ఫోను వచ్చింది, తండ్రికి ప్రాణం మీదికొచ్చింది, రైలుకు పోతున్నాడు. "మాఫ్ కరో భాయ్" అన్నాడు. ఏడుస్తున్నాడు. అతణ్ణి ఏమనగలరు? రాజమౌళి అతని భుజం తట్టి పంపేశాడు. అప్పటికే ఒళ్లు కాలిపోతోంది. సంధ్యారాణి థర్మామీటరు పెడితే నూట రెండు చూపించింది.

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. కొమురవ్వ తలుపుకు అడ్డం నిలబడింది.

"పోనియ్యవే" అన్నాడు.

"బాపూ, నేనొచ్చి మాస్టర్‌తోని మాట్లాడ్త."

"నువ్వు మాట్లాడితె సందందరికి ఎరుకైతది. మొదటి జోడీనే నడ్వలే అంటరు. ఒడియోడు పారిపోయిండంటరు. గిన్ని రోజులు నువ్వు తిరిగింది తిరిగినట్టే పోతది బిడ్డా."

సంధ్యారాణి తలుపు దగ్గరికి నడిచింది. అడ్డం నిలబడిన తల్లి చెయ్యి తానే పట్టుకుని పక్కకు తీసింది. ఆయన వెళ్లకూడదని ఎంత ఉందో, వెళ్లాలని కూడా లోపల అంతే ఉంది. ఆ సంగతి ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు, దాన్ని ఆమె తర్వాత ఎప్పుడూ క్షమించుకోలేదు.

రెండు రోజులు రాజమౌళి జ్వరంతోనే సాంచాలు నడిపాడు. రాత్రి వచ్చి గోడకు ఆనుకుని కూలబడేవాడు, గంజి నోట్లో పోస్తే సగం బయటికి వచ్చేది. కానీ ఇంటికి వచ్చే దారిలో ఎవరైనా అడిగితే నడుం నిటారుగా పెట్టి, "ఏం రాలే, చీమ కుట్టినట్టైంది" అనేవాడు. గంజాం నుంచి ప్రఫుల్ల ఫోను చేసి అడిగితే అతనికీ అదే చెప్పాడు.

అబద్ధానికి ఆ సందులో కాళ్లు కాదు, చక్రాలే వచ్చాయి. ఆదివారానికల్లా ఊరికి ఆ చివరనున్న భేస్తాన్ దాకా పాకింది. యాభై ఏళ్ల మనిషికి ఏమీ కాలేదట, మర్నాడే పనికి పోయాడట. తెలుగువాళ్ల ఒంట్లో కారం ఉంది కనుక జ్వరం దరికి రాదని ఒకరు, ఆయనకేమీ కాలేదంటే మనకేమవుతుందని ఒడియా గదుల్లో ఇంకొకరు. హేతల్ ఆయన ఫోటో జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టి పూలగుత్తులు అతికించింది. సంధ్యారాణి కనకయ్య దగ్గరికి జోడీ సంగతి మాట్లాడటానికి పోతే నవ్వాడు. "జ్వరమే రానప్పుడు జోడీలెందుకమ్మా?"

తర్వాతి బుధవారం పాళీలు దిగాక బడి ఆవరణలో వరస కట్టినవాళ్లను లెక్కపెడితే నూట నలభై దాటారు. మైకు వచ్చింది, ఫోటోలు తీసే మనిషి వచ్చాడు, ప్రొఫెసర్ గారు దారిలో ఉన్నారు. కాలేజీ మొత్తంలో మన జట్టే మొదటిదని హేతల్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. సంధ్యారాణి వరస పొడవునా చూసుకుంటూ పోయింది. వరసలో ఒక్కరికీ జోడీ లేదు. రేపు పొద్దున వీళ్లలో సగం మంది జ్వరంతో లేవలేరు, గేటు దగ్గరున్నవాళ్లు లోపలికి పోతారు. చెప్తే వరస కరిగిపోతుంది. తండ్రి పరువు పోతుంది. చెప్పకపోతే పది మంది నోటి కూడు పోతుంది, వాళ్లు నమ్మి వచ్చింది ఆమెనే. ఎంత అలసిపోయిందంటే, ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి ఈ పని తన చేతిలోంచి తీసుకుంటే వాళ్ల కాళ్లకు మొక్కేది. ఎవరూ రాలేదు. మైకు అందుకుంది.

ముందు హిందీలో చెప్పింది. తర్వాత తెలుగులో. "మా బాపుకు నూట రెండు జ్వరమొచ్చింది. మీకు అబద్ధం చెప్పిండు. బదులుంటనన్న మనిషి తండ్రికి బాగలేక ఊరికి పోవాల్సి వచ్చింది, ఆయన తప్పు లేదు. మా బాపు జ్వరంతోనే పన్జేసిండు. నాకెరుకుండి నేనూ చెప్పలే. టీకా మంచిదే. కాని మీ సాంచలు జూసే మనిషి లేకుంటే ఇయ్యాల ఏసుకోకుండ్రి." అదే మాట వచ్చీరాని ఒడియాలోనూ చెప్పింది. హేతల్ ఆమె చున్నీ పట్టుకుని లాగుతూనే ఉంది.

వరస ఒక్కసారిగా ఏమీ కరగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏదో పనున్నట్టు మెల్లగా తప్పుకున్నారు. మైకు కింద పెట్టేసరికి అరవై మంది మిగిలారు. అప్పుడు చూసింది, పాళీ దిగి నేరుగా వచ్చిన రాజమౌళి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. జుట్టు నిండా దారం నూగు. నలుగురూ మెచ్చుకుంటారని వచ్చిన మనిషి.

ఆయన కంటే ముందు వరసలోంచి కనకయ్య నోరు తెరిచాడు. అతని కోపం సంధ్యారాణి మీద కాదు. "నీ ఎన్క సాంచల వరసలనే ఉంట గదనే రాజమౌళీ. జ్వరమని ఒక్క మాటంటే నీ సాంచలు నేను జూడకపోదునా? నన్ను గంత పరాయోణ్ణి జేసినవా?"

రాజమౌళి గోడ దగ్గర్నుంచి కదిలాడు. జోడీల పేర్లు రాయడానికి సంధ్యారాణి కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చాడు. వారం అయినా కళ్ల కింద గుంటలు పూడలేదు. ఆ సాయంత్రం ఎవరి ముఖానికీ భయపడనంతగా సంధ్యారాణి ఆ ముఖానికి భయపడింది.

"అందరి ముంగట అబద్ధాలోణ్ణి జేసినవ్ బిడ్డా."

"అవు బాపు."

ఆయన బల్ల మీది కాగితాల వైపు చూశాడు. "కనకయ్యకు రేపు ఎవరున్నరు?"

"ఎవ్వలు లేరు."

"నా పేరు రాయి."

పెన్ను కదల్లేదు. ఎనిమిదికి ఎనిమిది కలిస్తే పదహారు సాంచాలు, రెండు రోజులు, ఈ ఒంటితో. వద్దని అనాల్సింది కూతురు. రాయాల్సింది జిమ్మేదారి ఉన్న మనిషి. ఇద్దరూ తానే అయినందుకు ఆమెకు తన మీద తనకే జాలేసింది.

"రాయి బిడ్డా. నాకు నిలవడే ఓపిక లేదు. నువ్వు రాస్తే పోయి పంట."

ఆమె రాసింది. కనకయ్యకు బదులు రాజమౌళి, గురువారం, శుక్రవారం. రాజమౌళి ఆ గీతలు పూర్తయ్యేదాకా చూసి, వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు. వరసలో ఒక భోజ్‌పురి మనిషి పక్కనున్న ఒడియా అతన్ని నీది ఏ పాళీ అని అడుగుతున్నాడు. తలెత్తి తండ్రి వెళ్లడం చూస్తే ఏడుపు ఆగదని సంధ్యారాణికి తెలుసు. కాగితం మీదే కళ్లు పెట్టి, తర్వాతి జోడీ పేర్లు చెప్పమంది.