నిప్పు పుట్టే చోట బొట్టు

గత నెల పన్నెండో తేదీ, ఆదివారం ఉదయం ఆరుంబావుకు, ప్రొద్దుటూరులో మా ఇంటి ముందున్న నాయన పాత తెల్లకారు నాలుగుసార్లు గొణిగి ఆగిపోయి, పచ్చి పెట్రోలు వాసనను వీధంతా పరిచింది. ఇంజనులో నిప్పురవ్వను పుట్టించే కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సరు అంతకు ఎనిమిది రోజుల ముందే కొత్తవి వేయించాను. ఈ ఏడు అది మూడో సెట్టు. డబ్బా మీది అచ్చు, ముద్ర, మెరుపు అన్నీ అసలు సరుకులాగే ఉన్నాయి. లోపలి లోహం మాత్రం అగరుబత్తిలా కాలిపోయింది. రెండో సెట్టు కాలినప్పుడు దుకాణదారును నిలదీస్తే, తల ఎత్తకుండానే, "అసలుది యాడ దొరుకుతాదప్పా? చేసినోళ్ళే ఆ కారును మర్చిపోయినారు, నువ్వింకా పట్టుకోని యాలాడతాండావు" అన్నాడు. ఆ మాటే తలచుకొని నేను మండిపడుతుంటే, నాయన ఎప్పటిలాగే బానెట్ ఎత్తి, ఉప్పుకాగితంతో పాయింట్లు రుద్దుతూ, "వాణ్ణి తిట్టి ఏం లాభంరా? అసలువి పారేసింది నేనే గదా" అన్నాడు.

ఆ మాట నిజం. అప్పుడు నేను నాలుగో తరగతి. మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. పెద్దముడియం దగ్గర తాతల నాటి గొర్రెల మందను సగం అమ్మి, నాయన ఆ కారును పాతదిగానే కొని బాడుగకు తిప్పేవాడు. దాని సీట్లలో రెక్సిన్ వాసన, పెళ్ళిళ్ళలో రాలిన మల్లెల వాసన, ఉడికిన శనక్కాయల వాసన, నాయన గొంగడి నుంచి అంటిన ఉన్ని వాసన కలగలిసి ఉండేవి. నల్లరేగడి చేలల్లో పత్తి పగిలే ఆ దసరా దినాల్లో మేము పిల్లలం డిక్కీ మీదెక్కి జారుతూ, అమ్మ ఓళిగలకు పూర్ణం రుబ్బే చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని చెవులు రిక్కించేవాళ్ళం.

గొర్రెల కాపరులమైన మా ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది: ఆయుధపూజ నాడు ఉన్ని కత్తెరకు బొట్టు పిడి మీద కాక, అంచు మీద, అది పనిచేసే చోటే పెట్టాలి. ఆ ఏడు నాయన కారుకూ అదే నియమం పాటించాడు. ప్లగ్గులకు నిప్పు పంచే నల్లటి మూతను విప్పి, దాని లోపల తడి విభూతి రాసి, కుంకుమ నీళ్ళతో బొట్లు పెట్టి, మళ్ళీ బిగించాడు. హారతి పళ్ళెం పట్టుకున్నది నేనే.

మర్నాడు ఉదయం ఆరింటికి, మా ఊరి బట్టల వ్యాపారి శెట్టిగారి కుటుంబాన్ని పులివెందులలో నిశ్చితార్థానికి తీసుకుపోవాలి. ఆ ప్రయాణం సవ్యంగా సాగితే అంగడి పనులకు కారు బాడుగంతా నాయనకే ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు; అది దక్కితే నన్ను ప్రొద్దుటూరు ఇంగ్లీషు బడిలో చేర్పించాలని ఇంట్లో అనుకున్నారు. తాంబూలం పళ్ళేలతో అందరూ ఎక్కి కూర్చున్నారు. కారు కదలలేదు. నాయన మూత తీశాడు; లోపలి బొట్లకు దండం పెట్టి, దానిని భద్రంగా పక్కన ఉంచాడు. కారుతోపాటు వచ్చిన అసలు పాయింట్లనే అనుమానించి, కండెన్సరుతో సహా ఊడబెరికి, కోపం పట్టలేక మురుగు కాలవలోకి విసిరి, డిక్కీలోని కొత్త సెట్టు బిగించాడు. అయినా కదలలేదు.

"ముహూర్తం నీ కారు కోసం కూర్చుంటాదా అప్పా? మేము కొత్త కోకలు కట్టుకున్యది దీన్ని తోసేదానికా?" అని శెట్టిగారు కిందికి దిగి, ముద్దనూరు జీపు ఒకటి పిలిపించుకొని వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి మెకానిక్ మస్తాన్ వచ్చి మూత తిరగేసి చూశాడు. "ఏంది మామా ఇది? నిప్పు పోయే దావంతా తడి బొట్లే, ఇంకా ఆరనే లేదు. ఇంజనుకు పెండ్లి చేసినావా?" అని పాతగుడ్డతో తుడిచాడు. తాళం తిప్పగానే కారు పలికింది. నాయన కాలవలో మోకాళ్ళ లోతుకు దిగి మధ్యాహ్నం దాకా చేతులతో తడిమాడు. గట్టు మీద అమ్మ, "పండగ శానా బాగ చేస్తివి" అంటూనే ఉంది. అసలువి దొరకలేదు. బాడుగ ఆ జీపుకే స్థిరపడింది. నేను లింగాల ప్రభుత్వ హాస్టల్లో చదువుకున్నాను.

ఆనాటి నుంచి వేసిన ప్రతి సెట్టూ కొన్నాళ్ళకే కాలింది. పాయింటును వేళ్ళ మధ్య నలిపి మంచిచెడ్డలు చెప్పగల మస్తాన్ ఇప్పుడు లేడు. నచ్చకపోతే వాపసు తెమ్మనే దుకాణమూ లేదు. విసిగిపోయి, ఈ నెల మొదట్లో పాయింట్ల అవసరమే లేని ఎలక్ట్రానిక్ పరికరం పెట్టించాను. ఇప్పుడు కారు తాళం తిప్పగానే కదులుతుంది. బానెట్ ఎత్తే పని లేదు కనుక నాయన దాని దగ్గరకు రావడం మానేశాడు.