గేటు మీద పేరు

మా అబ్బాయి సరిహద్దు యుద్ధంలో సైనికుడిగా చనిపోయిన ఏడాదే, ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఫిరంగి గుండ్లకు ఉక్కు తొడుగులు చేసే ఒక కంపెనీకి మునుపెన్నడూ లేనంత లాభం వచ్చింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని నేను అప్పటికి గట్టిగా ఆలోచించలేదు. రెంటినీ కలిపి మా ఇంటికి తెచ్చింది ఆ కంపెనీ మేనేజరే.

అతను మా పక్క క్వార్టర్‌లో పెరిగినవాడు. సెక్టర్ 7 మైదానంలో మా అబ్బాయితో కలిసి క్రికెట్ ఆడేవాడు. ఒక ఆదివారం పొద్దున వచ్చి, మా ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి, ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. ఆ మైదానానికే పెద్ద ఉక్కు గేటు. పైన, ఇక్కడి భాష హిందీలో, మా అబ్బాయి పేరు. దాని కింద కంపెనీ పేరు.

"ఖర్చంతా మా కంపెనీదే పిన్నీ. మీరు సరే అంటే చాలు. వాడు ఆడిన గ్రౌండే కదేటి."

మా ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. తెర ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ వెలిగించుకుని చూస్తోంది. మా అబ్బాయికి పెళ్ళి కాలేదు. ఆ పేరు రోజూ పలికేవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. ఆమెకు ఆ గేటు కావాలని నాకు అర్థమైంది.

"ఈ ఏడు మీకు బాగా వచ్చిందటగా?" అన్నాను.

"దేవుడి దయ వల్ల పరవాలేదు బాబాయ్. మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి."

"దేవుడి దయేటిరా, యుద్ధం కదా. ఆ లాభం మీద సర్కారు గట్టిగా పన్నేస్తే కడతారా?"

"ఇప్పుడు కట్టడం లేదేటి? అందర్లాగే కడతన్నాం."

"అందర్లాగే కాదు. యుద్ధం వల్ల పైన వచ్చిపడిన దాంట్లో ముప్పావు వంతు."

"అలగైతే ఇంకెవడు బాబాయ్ ఫ్యాక్టరీ పెడతాడు? మేం చెయ్యకపోతే మనవాళ్ళు ఏటి పేల్చాలి, దీపావళి బాంబులా?"

నవ్వబోయి, మా ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

అతని ప్రశ్న తీసిపారేసేది కాదు. సైన్యానికి గుండ్లు కావాలి, ఎవరో ఒకరు చెయ్యాలి. చేసినవాళ్ళకు ఖర్చు రావాలి, జీతాలు రావాలి, మామూలు రోజుల్లో వచ్చేపాటి లాభమూ రావాలి. దాని మీద వచ్చిపడినది మాత్రం వాళ్ళ తెలివికి వచ్చింది కాదు. అదే ఫర్నేసు, అవే యంత్రాలు, అదే ఉక్కు. మారిందల్లా, సరిహద్దులో మనుషులు చావడం. యుద్ధకాలంలో కొన్ని దేశాలు ఇలాంటి లాభాల మీద భారీగానే పన్ను వేశాయని చదివాను. అంతమాత్రాన అక్కడ ఫ్యాక్టరీలు మూతపడలేదు.

మా అబ్బాయిని చంపిన గుండు ఈ కంపెనీది కాదు. అవతలి దేశంలోనూ ఇలాంటి కంపెనీ ఒకటి ఉంటుంది. దానికీ ఆ ఏడు బాగా కలిసొచ్చి ఉంటుంది. అక్కడా ఒక మేనేజరు ఎవరి ఇంటికో గేటు బొమ్మ పట్టుకెళ్ళి ఉంటాడు.

నేను ఇక్కడి ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. మా మిల్లులో ఎవరైనా పనిలో చనిపోతే, ఆ రోజు జీతం ఎవరూ ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళం కాదు. ఇంజినీరు నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ కోత పడేది. ఆ డబ్బు చనిపోయినవాడి ఇంటికి వెళ్ళేది. నీకిష్టమేనా అని ఎవరూ అడిగేవారు కాదు. దాన్ని దానం అని ఎవరూ అనలేదు. తోటి మనిషి పోయిన రోజు సంపాదన మనది కాదని అందరికీ తెలుసు, అంతే. ఈ మేనేజరు తండ్రి కూడా మా మిల్లువాడే. అతని జీతంలోనూ కోత పడింది. ఆ మాటే చెప్పాను.

"అది వేరు బాబాయ్. అది మనుషుల మధ్య సంగతి. ఇది కంపెనీ. షేర్‌హోల్డర్లుంటారు."

"మీ నాన్న జీతంలో వాటాకి మీరంతా లేరేటి? అయినా కోత పడింది కదా?"

నేను ఆపలేకపోయాను.

"గేటయితే మీకిష్టమైతే కడతారు, లేకపోతే మానేస్తారు. ఎక్కడ కట్టాలో, ఎవడి పేరు రాయాలో మీరే తేలుస్తారు. యుద్ధంలో కాళ్ళు పోయి ఇంట్లో కూర్చున్న కుర్రాడి పేరు మీరెప్పుడూ రాయరు. పన్నయితే మిమ్మల్ని అడిగేదేం లేదు, తీసుకోవడమే. అందులోంచి వాడికీ అందుతుంది. మావాడి పేరు మీ కంపెనీ పేరు పక్కన ఉండడానికి వీల్లేదు."

"పిన్నీ, మీరైనా చెప్పండి."

మా ఆవిడ ఫోను అతని చేతిలో పెట్టి, "టీ తాగి వెళ్ళు నాన్నా" అంది. అతను తాగి వెళ్ళిపోయాడు.

వానలు మొదలవకముందే గేటు లేచింది. దాని మీద కంపెనీ పేరు ఒక్కటే ఉంది, బొమ్మలో కన్నా పెద్ద అక్షరాల్లో. కూరగాయలకు వెళ్ళాలంటే దాని ముందు నుంచే పోవాలి. మొన్న సాయంత్రం మా ఆవిడ అక్కడ సంచీ కింద పెట్టి నిలబడింది.

"మీరొద్దన్నారని వాళ్ళకేటి తగ్గిందండీ? గేటుంది, కంపెనీ పేరుంది. లేనిది మనవాడి పేరే."

ఆమె అన్నది నిజం. లాభం కంపెనీ దగ్గరే ఉంది, కొత్త షెడ్డు వేస్తున్నారట కూడా. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పవలసింది సర్కారులో ఆ పన్ను వెయ్యనివాళ్ళు. వాళ్ళు మా సెక్టర్‌కి రారు. నేను సంచీ అందుకుని, ఆమె కదిలేదాకా పక్కన నిలబడ్డాను.