మా తోడల్లుడు చెరిపేసిన పది రకాల రివెట్లు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా అత్తవారి వైపు చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, ఉద్యోగ విరమణ సందర్భంగా రాసుకున్న పొడుగాటి వ్యాసం కనిపించింది. అందులో తన సింగపూర్ రోజుల గురించి చెబుతూ, బూన్ లేలో ఒక పాతకాలపు వర్క్‌షాపును కంప్యూటర్ యుగంలోకి తానే నడిపించానని, అక్కడి పనివాళ్లు మొదట తెలియక అడ్డుపడినా తర్వాత ఎంతో మెచ్చుకున్నారని ఒక వాక్యం రాశారు. దాని కింద నమస్కారాలు, చప్పట్లు, పువ్వులు. మా ఆవిడ కూడా ఒక పువ్వు పెట్టింది. ఆ అడ్డుపడిన పనివాణ్ణి నేను. మెచ్చుకున్నవాడెవడో నాకు తెలియదు. గ్రూపులోనే జవాబు రాయబోతే మా ఆవిడ ఫోన్ లాక్కుంది కాబట్టి, ఆ సంగతేమిటో ఇక్కడ రాస్తున్నాను. నా వయసువాళ్లు చదివితే చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోయి ఆగిపోతాయని లోకమంతా భయపడిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ భయం పుణ్యమా అని మన రాష్ట్రం నుంచి ఆరు నెలల కోర్సు చేసిన ప్రతివాడూ విమానమెక్కి సింగపూర్‌లో దిగాడు. జురాంగ్ ఈస్ట్‌లో మా తోడల్లుడి ఫ్లాట్ వాళ్లకు సత్రంలా ఉండేది. నేను అంతకు నాలుగేళ్ల ముందే మెకానికల్ డిప్లొమాతో వచ్చి, వుడ్‌ల్యాండ్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, బూన్ లే వర్క్‌షాపులో రేకు పని చేసేవాణ్ణి. ఒక శనివారం భోజనాల దగ్గర కొత్తగా దిగిన కుర్రాడొకడు మర్యాదగానే నన్ను అడిగాడు, మీది జావానా, మెయిన్‌ఫ్రేమా అని. నేను నోరు తెరిచేలోపు మా తోడల్లుడు అందుకున్నారు.

"జావా ఏవిటయ్యా బాబూ, మా తమ్ముడు మేకులు కొడతాడు! ఏసీ కూడా ఉండదు పాపం."

పదిహేనుమంది నవ్వారు. మా వదినగారు నవ్వలేదు, అది కూడా నాకు గుర్తుంది. గోంగూర పచ్చడి గిన్నె నా వైపు జరిపి లోపలికి వెళ్లిపోయింది.

రివెట్‌కూ మేకుకూ తేడా తెలియనివాడికి ఏం చెబుతాం? ఆ రోజు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మా వర్క్‌షాపుకు జురాంగ్ వైపు ఒక మంచు హాలు ఖాతా ఉండేది. బయట చెమటలు కారే ఎండ, లోపల గడ్డకట్టే చలి, యంత్రాలతో చేసిన మంచు, పిల్లలు అద్దె కోట్లు తొడుక్కుని జారుతూ ఉండేవారు. ఆ పిల్లలను చిన్న బండిలో కూర్చోబెట్టి లాగడానికి వాళ్లు ఎక్కడో చలిదేశంలో వాడేసిన స్నోమొబైళ్లు రెండు తెప్పించారు. ముందు చక్రాల బదులు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, పైన మోటారు సైకిల్ లాంటి సీటు. ఆ సీటు కింద పట్టా తిరగడానికి అల్యూమినియం రేకుతో చేసిన పొడుగాటి గూడు ఉంటుంది. కాళ్లు పెట్టుకునే పలకలు ఆ గూటికి రివెట్లతోనే అతుక్కుని ఉంటాయి. అంత పల్చటి రేకును వెల్డింగ్ చేస్తే వేడికి మెత్తబడిపోతుంది, బోల్టు వేస్తే అదురుకు వదులవుతుంది. రివెట్ తప్ప దారి లేదు.

గూడు లోపల వెనకవైపు చెయ్యి దూరదు కాబట్టి, ఒకవైపు నుంచే బిగించే గుల్ల రివెట్ వాడాలి. దాని నడుమ పిన్ను ఉంటుంది. రివెట్‌ను కన్నంలో పెట్టి గన్‌తో పిన్నును లాగితే అవతలి కొస ఉబ్బి రెండు రేకులనూ పట్టేస్తుంది, పిన్ను టప్పుమని తెగుతుంది. ఆ చప్పుడు వినే రివెట్ సరిగ్గా పడిందో లేదో నేను చెప్పగలిగేవాణ్ణి. అయితే పొడుగు సరిపోవాలి. రేకుల మందం కంటే పొట్టిదైతే ఉబ్బడానికి అవతల ఏమీ మిగలదు, మరీ పొడుగైతే మడతపడి వదులుగా ఉండిపోతుంది. మెత్తటి అల్యూమినియం రివెట్ ప్లాస్టిక్ మూతలకు పనికొస్తుంది గాని మనిషి బరువు మోసే పలకకు పనికిరాదు, దానికి పిన్ను లోపలే ఇరుక్కుని ఉండిపోయే గట్టి రకం కావాలి. ఉక్కు రివెట్ గట్టిదే, కాని అల్యూమినియంలో వేసి మంచునీళ్లలో నానబెడితే చుట్టూ రేకును తినేస్తుంది. గన్ విషయంలోనూ అంతే. గాలితో నడిచే గన్ హాయిగా ఉంటుందని మొదట్లో హాల్లోకి పట్టుకెళ్లాను. మన సింగపూర్ గాలిలోని తేమంతా గొట్టంలో గడ్డకట్టి పది నిమిషాల్లో గన్ మొరాయించింది. ఒంటిచేతి గన్‌తో చిన్న రివెట్లే పడతాయి. చివరికి రెండు చేతులతో నొక్కే పొడుగు చేతుల గన్ ఒకటి ఎంచుకుని, దాని పిడులకు పాత సైకిల్ ట్యూబు చుట్టుకున్నాను, చలికి ఇనుము చర్మానికి అంటుకోకుండా.

అలా మూడేళ్లు తంటాలు పడి, నాలుగు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్ల లావు రివెట్లలోనే పదకొండు రకాలు కావాలని తేల్చి, పదకొండు బిస్కెట్ డబ్బాల్లో పోసి, ఏది ఎక్కడ వాడాలో రిజిస్టరులో పదకొండు వరసలు రాసిపెట్టాను. ఆ మూడేళ్లలో ఒక్క పలక ఊడలేదు.

మా యజమాని మలేషియాలో పుట్టిన తెలుగాయన, అందరం పెద్దాయన అనేవాళ్లం. ఆయనకూ రెండువేల భయం పట్టుకుని, సామాను లెక్కలన్నీ కొత్త కంప్యూటర్‌లో పెట్టించాలన్నాడు. మా ఆవిడ పోరు పడలేక మా తోడల్లుడి కంపెనీ పేరు చెప్పింది నేనే. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. మెడలో కార్డు వేలాడేసుకుని వచ్చారు. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నా రిజిస్టరు తిరగేశారు.

"ఏవిటి తమ్ముడూ ఇది, ఒకే రివెట్‌ని పదకొండు సార్లు రాశావు? అన్నీ నాలుగు పాయింట్ ఎనిమిదే కదా?"

"లావు ఒకటే అన్నయ్యగారూ, పొడుగూ లోహమూ వేరు. జాగ్రత్తగా చూడండి."

"చూస్తాంలే. మాకు ఇలాంటివి రోజూ వస్తాయి. డూప్లికేట్లంటాం వీటిని."

మరుసటి వారమే నాకు ఆటలమ్మ పోసింది. రెండు వారాలు వుడ్‌ల్యాండ్స్‌లో వేపాకు మీద పడుకున్నాను. తిరిగి వెళ్లేసరికి నా పదకొండు డబ్బాలు లేవు. వాటి స్థానంలో ఒక పెద్ద నీలం తొట్టి, దాని మీద ఒకే చీటీ. పది వరసలు డూప్లికేట్లని మా తోడల్లుడు చెరిపేశారు. కంప్యూటర్‌లో ఒకే వరస, ఒకే చోటు ఉంది కాబట్టి, స్టోర్ చూసే చైనీస్ ఆంటీ పదకొండు డబ్బాలూ ఒకే తొట్టిలో కుమ్మరించేసింది. నేను తల పట్టుకుంటే ఆవిడ తెల్లబోయి, చివర లా తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో అంది.

"అయ్యా, కంప్యూటర్ సే వన్ లా! సో ఐ పుట్ వన్!"

ఆవిడను అని ఏం లాభం? అప్పటికే నేను లేనప్పుడు వేరే మెకానిక్ ఆ తొట్టిలోంచి చేతికందినవి తీసి ఒక బండికి కుడి పలక బిగించి పంపేశాడు. నేను పరుగున ఫోన్ చేసేలోపే మంచు హాలు వాళ్ల ఫోన్ వచ్చింది. మలుపు తిప్పుతుండగా పలక ఊడి, నడిపే మలయ్ అతని కాలు పట్టాకూ మంచుకూ మధ్య మెలిపడి మడమ విరిగింది. వెనక బండిలో పిల్లలు లేరు, అంతే అదృష్టం.

పెద్దాయన మా తోడల్లుడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. నేను ఎదురుగానే ఉన్నాను. సిస్టం ప్రకారం సరైన సరుకే వెళ్లింది సార్, చేతిపనిలో తప్పు జరిగి ఉంటుంది, బిగించింది ఎవరైనా రివెట్ పనికి బాధ్యుడిగా సిస్టంలో మా తమ్ముడి పేరే ఉంది అన్నారాయన. నేను మంచంలో ఉన్నానని ఆయనకు తెలుసు. వదినగారి చేత నాకు కొబ్బరినీళ్లు పంపించింది ఆయనే.

"తంబీ, ఇన్నేళ్లు నీ కెర్జాకి ఒక్క మాట రాలేదు," అన్నాడు పెద్దాయన, నా పని గురించి. "కంప్యూటర్ అబద్ధం చెప్తాదా లా? నీ వర్క్ పర్మిట్ రెన్యువల్ కాగితం నా బల్ల మీదే ఉంది. సంతకం పెట్టాలా, వద్దా? శుక్రవారం దాకా చూస్తా."

మా ఆవిడకు అప్పుడు అయిదో నెల. పర్మిట్ పోతే నెల తిరక్కుండా మూటాముల్లె సర్దుకోవాలి, అది కూడా మనిషి కాలు విరగ్గొట్టినవాడన్న పేరుతో. ఆ బండిని వెనక్కి తెప్పించి, పలకలో తెగకుండా మిగిలిన రివెట్లను ఒక్కొక్కటే డ్రిల్లుతో తల తీసి, పొడిచి బయటకు తీసి, ట్రేలో వరసగా పేర్చాను. ఇరవై రెండింట్లో పద్నాలుగు పొట్టివి, మూడు మెత్తవి. పెద్దాయన చూసి గడ్డం గోక్కున్నాడు గాని నమ్మీ నమ్మనట్టే ఉన్నాడు. అవి తొట్టిలోవేనని ఏమిటి రుజువు అన్నాడు.

రుజువుకు శుక్రవారం కుదిరింది. ఆ రోజు మా తోడల్లుడు తన మేనేజరును వెంటబెట్టుకుని సిస్టం అప్పగించడానికి వచ్చారు. టై కట్టుకున్నారు. రివెట్ అని కొట్టగానే ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో తెర మీద చూపించారు, మేనేజరు తలాడించాడు. అప్పుడు నేను ముందుకు వెళ్లి, గూటి రేకూ పలక రేకూ ఎంత మందమో అంత మందం ముక్కలు రెండు, కన్నాలు వేసినవి, ఆయన ముందు పెట్టి, పొడుగు చేతుల గన్ చేతికిచ్చాను.

"అన్నయ్యగారూ, మీ సిస్టం చూపించిన రివెట్‌తో ఈ రెండూ ఒక్కసారి కలపండి."

"నేనా? ఇదంతా నాకెందుకు తమ్ముడూ?"

"మేకు కొట్టడమేగా," అన్నాను.

పెద్దాయన నవ్వాడు. మేనేజరు కూడా, కానివ్వండి అన్నాడు. మా తోడల్లుడు తొట్టిలోంచి గుప్పెడు తీశారు. పిన్ను ఎటు పెట్టాలో కూడా నేనే చూపించాల్సి వచ్చింది. ముఖం ఎర్రబడేలా నొక్కారు, పిన్ను తెగింది, గర్వంగా పైకెత్తారు. నేను రెండు వేళ్లతో కింది రేకును లాగితే ఊడి నా చేతిలోకి వచ్చింది. మళ్లీ, అన్నాను. మళ్లీ నొక్కారు, మళ్లీ ఊడింది. అలా ఆరుసార్లు చేయించాను. నాలుగోసారికి టై భుజం మీదికి వేసుకున్నారు, అయిదోసారికి గన్ పిడిని కడుపుకు ఆనించి నొక్కారు, ఆరోసారికి షాపులో ఎవరూ నవ్వడం లేదు. తర్వాత నేను నా జేబులోంచి సరైన రివెట్ ఒకటి తీసి నొక్కి, ఆ జంట రేకును మేనేజరు చేతికిచ్చి, ఊడదీయండి సార్ అన్నాను. ఆయన వల్ల కాలేదు.

పెద్దాయన అక్కడే, అందరి ముందూ, నా కాగితం మీద సంతకం పెట్టాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాసేస్తాను. ఆ పొద్దున నేను అందరికంటే ముందు వచ్చి, తొట్టి కలియబెట్టి, పొట్టి రివెట్లన్నీ ఏరి పైన పరిచాను. లేకపోతే ఆరింట్లో రెండైనా నిలబడేవి. ఒక్కటి నిలబడినా ఆయన దాన్ని పట్టుకుని వాదించేవారు, నాకు ఆయన్ని తెలుసు. ఆ ఒక్కటి కూడా నేను ఆయనకు దక్కనివ్వదలచుకోలేదు.

నా పగ తీరిందా అంటే, కాలం తీరనివ్వలేదు. మామూలు రోజుల్లో అలాంటి అవమానం తర్వాత మనిషి ఏడాదిపాటు తలెత్తుకోలేడు. ఆ రోజులు అలాంటివి కావు. కంపెనీ ఆయన్ని మా పని నుంచి తప్పిస్తే, పదిరోజులు తిరగకుండా ఇంకో కంపెనీ కళ్లకద్దుకుని ఇంకా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన కూలిపోవడం చూద్దామని నేను కాచుకుని కూర్చుంటే ఆయన మెట్లెక్కుతూ పోయారు. నేను నాలుగు ఆదివారాలు నీలం తొట్టి ముందు కూర్చుని, ఆ రివెట్లను ఒక్కొక్కటే కొలిచి మళ్లీ పదకొండు డబ్బాల్లోకి ఏరుకున్నాను. ఆయన నాకు తప్పు నాదే తమ్ముడూ అని ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడితో పోయేది. ఈనాటికీ చెప్పలేదు. ఆ మలయ్ అతన్ని చూడ్డానికి ఆసుపత్రికీ వెళ్లలేదు. నేను మూడుసార్లు వెళ్లాను, అది కూడా ఆయన వెళ్లలేదు, నేను వెళ్లానని లెక్క చూపించడానికే కొంత, నిజం చెప్పాలంటే.

రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి. మా ఆవిడ పురిటికి వాళ్లక్క రాలేదు, రావద్దని ఆయన అన్నారో, వస్తే నేను ఏమంటానో అని ఆవిడే ఆగిందో నాకు తెలియదు, అడగలేదు. ఇంత చిన్న దేశంలో తప్పించుకు తిరగడం మాత్రం కుదిరేది కాదు. పండగ సరుకులకు లిటిల్ ఇండియాకు బయలుదేరితే, జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారే చోట వాళ్లిద్దరూ అదే రైలు పెట్టెలోకి ఎక్కేవారు. ఆయనా నేనూ చెరో తలుపు దగ్గర వీపులు తిప్పుకుని నిలబడేవాళ్లం. అక్కచెల్లెళ్లు కూడా మా ఇద్దరి మర్యాద కోసం ఒకరినొకరు చూసుకునేవారు కాదు. రైలు సొరంగంలోకి దిగాక కిటికీలు నల్లబడి అద్దాలవుతాయి కదా, అప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ కిటికీ వైపు తిరిగేవారు. మా ఆవిడ ఒళ్లోని పిల్లాణ్ణి కాస్త పైకెత్తి పట్టుకునేది, అద్దంలో వాళ్లక్కకు కనపడేలాగ. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సిటీ హాల్ స్టేషన్ దాకా అలా చూసుకుని, దిగి, ఎవరి దారిన వాళ్లు వెళ్లేవారు.

వాళ్లిప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు. అక్కచెల్లెళ్లు వారానికోసారి వీడియోలో మోకాళ్ల నొప్పుల గురించి, కూరగాయల గురించి మాట్లాడుకుంటారు. మా వర్క్‌షాపు చోట గిడ్డంగి లేచింది. పలక ఊడితే ఇప్పుడు రివెట్ తియ్యరు, బండి మార్చేస్తారు. ఎటు వెళ్లాలన్నా మూడు నాలుగు రైలు దారులున్నాయి, చూడకూడదనుకున్న మనిషిని ఏళ్ల తరబడి చూడకుండా బతకొచ్చు. మొన్న మేమిద్దరం అదే దారిలో వెళుతుంటే, సొరంగం రాగానే మా ఆవిడ అలవాటుగా కిటికీ వైపు తిరిగింది. అద్దంలో తన వెనక నేనొక్కణ్ణే కనబడి ఉంటాను.